బిగ్‌హార్న్ పొట్టేలు వేటకు తమ్ముడి వెంట వెళ్తున్నాను: తిరుపతిలో ఉండి ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: అలిపిరి మాస్టారు

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఉంటాను. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. వయస్సు 47. మా తమ్ముడు చాలా ఏళ్ల క్రితం అమెరికాలోని ఐడహో రాష్ట్రానికి వెళ్లి, అక్కడే స్థిరపడి, పౌరసత్వం కూడా తీసుకున్నాడు. అక్కడి స్నేహితుల వల్ల వేట అలవాటై, బిగ్‌హార్న్ అనే పెద్ద కొమ్ముల అడవి గొర్రె వేటకు అనుమతి కోసం ఏటా ఏప్రిల్‌లో దరఖాస్తు చేస్తూ వచ్చాడు. ఆ అనుమతిని ట్యాగ్ అంటారు. ఐడహోలో ఎన్నేళ్లు దరఖాస్తు చేసినా ఆ ఓపికకు మార్కులేవీ కలవవు, ప్రతి ఏడాదీ కొత్తగా లాటరీ తీస్తారు. ఈసారి జూన్ మొదట్లో తన పేరు వచ్చింది. రాకీ మౌంటెన్ రకం పొట్టేలును ఆ రాష్ట్రంలో ఒక మనిషి జీవితంలో ఒక్కదాన్ని మాత్రమే వేటాడి చంపగలడు కాబట్టి, దొరికితే ఈ అవకాశం మళ్లీ రాదు.

సీజన్ ఆగస్టు 30న మొదలవుతుంది. తోడుగా వస్తామన్న స్నేహితులకు సెలవు దొరకక, "అన్నా, చిన్నప్పుడు నన్ను కొండ ఎక్కించింది నువ్వే కదా, ఇప్పుడు కూడా నువ్వే రావాలి" అని తమ్ముడు ఫోన్ చేశాడు. నాకు పర్యాటక వీసా ఉంది, సెలవు మంజూరైంది. తుపాకీ నేను పట్టను. బరువు మోయడం, దుర్భిణితో కొండ చరియలు వెతకడం, దొరికితే మాంసం కిందికి దించడంలో సాయం చేయడం నా పని. నెలకొకసారి అలిపిరి మెట్ల దారిన రెండున్నర గంటల్లో తిరుమల ఎక్కుతాను, దర్శనం చేసుకుని బస్సులో దిగుతాను. మూడేళ్లుగా రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నాను. అమ్మకు మాత్రం "కొండగొర్రెను చూడటానికి వెళ్తున్నాం" అని చెప్పాను.

నా చేతిలో పది వారాలు ఉన్నాయి. ఇక్కడి కొండల మీద ఏ విధమైన అభ్యాసం చేస్తే అక్కడ పనికొస్తుంది, అక్కడ నేను చేయకూడనివి ఏవైనా ఉన్నాయా అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1: ఫిజియోథెరపీ, తిరుపతి

మాస్టారు గారూ, మీ ప్రశ్నలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "నడిచి ఎక్కుతాను, బస్సులో దిగుతాను" అన్నారు. మన ఊళ్లో దాదాపు అందరం చేసేది అదే. అందుకే మనకు ఎక్కే గుండె, ఎక్కే ఊపిరి ఉంటాయి గానీ దిగే తొడలు ఉండవు. మీరు వెళ్తున్న పని దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఎక్కేటప్పుడు వీపు మీద పది, పన్నెండు కిలోలు ఉంటే, పొట్టేలు దొరికిన తర్వాత దిగేటప్పుడు దానికి రెట్టింపు ఉంటుంది. అప్పటికి మీరు రోజుల తరబడి అలసి ఉంటారు, చాలావరకు చీకటి కూడా పడి ఉంటుంది. కాబట్టి మీ అభ్యాసం అంతా దిగడం చుట్టూ కట్టుకోవాలి.

దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపుతుంది. ఎక్కేటప్పుడు అదే కండరం ముడుచుకుంటూ పని చేస్తుంది. సాగుతూ బరువు ఆపే పనికి అలవాటు లేని కండరంలో సూక్ష్మంగా గాయాలై, మరునాటి నుంచి రెండు రోజుల పాటు మెట్టు దిగలేనంత నొప్పి వస్తుంది. అయితే అదే పనిని ఒకసారి చేసిన కండరం కొన్ని వారాల పాటు ఆ రక్షణను గుర్తు పెట్టుకుంటుంది, రెండోసారి నొప్పి చాలా తక్కువగా వస్తుంది. మీకు ఇక్కడ సంపాదించుకోవలసింది ఆ గుర్తే. నాగలాపురం అడవి దారిలో ఒకసారి నేను టెంటు మోసుకుంటూ దిగి, చివరి గంట వెనక్కి తిరిగి పాకినట్టు నడిచాను. ఆ రోజు నా గుండెకు ఏ ఆయాసమూ లేదు, తొడలే నిలబడలేదు.

అందువల్ల వారానికి ఒకసారి తెల్లవారుజామున బస్సులో పైకి వెళ్లి, అలిపిరి మెట్ల మీదుగా నడిచి దిగండి. అక్కడ 3,550 మెట్లు ఉన్నాయి. మొదటి వారం ఏ బరువూ వద్దు. తర్వాత ఐదు కిలోల బియ్యం సంచిని తువ్వాలుతో గట్టిగా చుట్టి, వీపుసంచిలో భుజాల మధ్యకు వచ్చేలా పెట్టి, వారానికి రెండు కిలోల చొప్పున పెంచండి. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే ఉన్నా దూరం 2.1 కిలోమీటర్లే కాబట్టి అది నిటారుగా ఉంటుంది. ఐదో వారం దాకా దాని జోలికి వెళ్లవద్దు. మోకాళ్ల పర్వతం దగ్గర తొడలు వణకడం మొదలైతే అక్కడే కూర్చోండి. కింది నుంచి భక్తులు ఎదురు వస్తుంటారు, వాళ్ల మీద పడితే మీ ఒక్కరి గాయంతో పోదు.

మెట్లకు ఒక లోపం ఉంది. ప్రతి మెట్టూ సమంగా ఉంటుంది, అక్కడి కొండ అలా ఉండదు. చీలమండల కోసం వారానికి రెండు సాయంత్రాలు స్వర్ణముఖి ఇసుకలో చెప్పులు లేకుండా నడవండి, ఇంట్లో పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ బెణుకు ఆపేది ఇదే. పుత్తూరు కట్టు దాకా తెచ్చుకుంటే ఆగస్టు ప్రయాణం మరచిపోవలసిందే.

రక్తపోటు గురించి ఒక మాట. బరువు పెంచకముందే గుండె వైద్యుడిని కలిసి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. తిరుమల సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల లోపే ఉంటుంది కాబట్టి పలుచని గాలికి అది ఏ అలవాటూ చేయదు. 2,500 మీటర్లు దాటిన చోట తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలైతే ఇంకా ఎత్తుకు పోకుండా ఆగాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. అక్కడ దిగిన వెంటనే కొండ ఎక్కకుండా ఒకటి రెండు రోజులు మధ్య ఎత్తులో గడిపేలా తమ్ముడితో ముందే మాట్లాడుకోండి.

జవాబు 2: బోయిసీ నుంచి ఒక తెలుగువాడు

మాస్టారు గారికి నమస్కారం. మాది చిత్తూరు పక్కన పల్లె, ప్రస్తుతం ఐడహో రాజధాని బోయిసీలో ఉంటున్నాను. నాకు పొట్టేలు ట్యాగ్ రాలేదు గానీ ట్యాగ్ వచ్చిన మిత్రుడి వెంట సామాన్లు మోస్తూ తొమ్మిది రోజులు కొండల్లో ఉన్నాను కాబట్టి మీ స్థానం ఏమిటో నాకు తెలుసు.

అన్నిటికంటే ముందు చట్టం. పర్యాటక వీసా మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ తమ వద్ద ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ మీరు వేటాడటం లేదు కాబట్టి వాటి మీద ఆధారపడవద్దు. తమ్ముడు రాయి ఎక్కుతూ "అన్నా, ఒక్క నిమిషం పట్టుకో" అని రైఫిల్ అందించినా తీసుకోకండి. తూటాల పెట్టె పొరపాటున కూడా మీ సంచిలోకి రాకూడదు. ఈ విషయం కొండ మీద కాకుండా ఇప్పుడే ఇద్దరూ మాట్లాడుకోండి. రెండోది, వేటాడినవారు కాక మరొకరు మాంసం మోస్తున్నా, తీసుకెళ్తున్నా ఐడహోలో వేటాడినవారు వాళ్లకు ప్రాక్సీ పత్రం అనే చిన్న కాగితం రాసి సంతకం చేసి ఇవ్వాలి. ఖాళీ పత్రాన్ని ఇంటి దగ్గరే సిద్ధం చేసి, తడవని కవరులో పెట్టుకుంటే మంచిది. కొమ్ములను పది రోజుల లోపు వన్యప్రాణి శాఖ కార్యాలయానికి తీసుకెళ్లి చూపించి గుర్తు వేయించుకోవాలి.

మీరు వెళ్లేది సామన్ నది లోయల వైపు అయితే, చాలా భాగం ఫ్రాంక్ చర్చ్ రివర్ ఆఫ్ నో రిటర్న్ వైల్డర్‌నెస్ కిందికి వస్తుంది. 1980లో ఏర్పడిన ఆ అడవి 23 లక్షల ఎకరాలకు పైగా ఉంటుంది. అక్కడ మోటారు వాహనం, సైకిల్, చివరికి చక్రాల బండి కూడా నిషిద్ధం. అందువల్ల పొట్టేలు పడిన చోటి నుంచి మాంసం గుర్రం మీదో కంచర గాడిద మీదో మనిషి వీపు మీదో రావాలి. ఎదిగిన పొట్టేలు బరువు 135 కిలోల దాకా ఉండవచ్చు, కొమ్ములే 14 కిలోల దాకా తూగుతాయి. ఎముకలు తీసేసినా ఇద్దరు మనుషులకు ఒక్క మోతలో అయ్యే పని కాదు. పైన ఫిజియోథెరపీ మేడమ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా మిత్రుడి పొట్టేలు పడిన మధ్యాహ్నం నుంచి మరుసటి రాత్రి దాకా మేం చేసిన పని దిగడం, మళ్లీ ఎక్కడం, మళ్లీ దిగడం. తినదగిన మాంసాన్ని వదిలేసి రావడం అక్కడ నేరం. ఆగస్టు చివర లోయల్లో ఎండ బాగా కాస్తుంది కాబట్టి, చర్మం వెంటనే తీసి, మాంసాన్ని గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేసి నీడన వేలాడదీయడం మీరు మొదటి గంటలో చేయవలసిన పని.

ఇక కళ్ల సంగతి. బిగ్‌హార్న్ గొర్రెలకు ప్రధాన రక్షణ చూపు. అవి మిమ్మల్ని చూసే లోపు మీరు వాటిని చూడాలి. కాబట్టి రోజులో ఎక్కువ భాగం నడవరు, కూర్చుని వెతుకుతారు. దుర్భిణిని చేత్తో పట్టుకుంటే పది నిమిషాల్లో కళ్లు అలసిపోతాయి, ట్రైపాడ్ మీద బిగించాలి. ఎదురుగా ఉన్న చరియను పొలం చాళ్లలా భాగాలు చేసుకుని, ఒక్కో చాలులో ప్రతి రాయి మీదా చూపు నిలిపి ముందుకు పోవాలి. మీరు వెతికేది మొత్తం జంతువును కాదు. తెల్లని పిరుదుల మచ్చ, కొమ్ము వంపు, ముక్కు దగ్గరి తెలుపు, వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. నేను నాలుగో రోజు నలభై నిమిషాలు ఒకే బండ వైపు చూశాను. ఏమీ లేదని దుర్భిణి పక్కకు తిప్పబోతుండగా ఆ బండకు చెవి కదిలింది. అక్కడ మూడు పొట్టేళ్లు పడుకుని ఉన్నాయి.

దీన్ని మీరు తిరుపతిలోనే అభ్యసించవచ్చు. తెల్లవారాక మేడ మీద కూర్చుంటే కపిలతీర్థం పైన ఎర్రని రాతి చరియలు కనిపిస్తాయి కదా, వాటి మీద రోజూ అరగంట కోతులను వెతకండి. మొదటి వారం రెండో మూడో దొరుకుతాయి, నాలుగో వారానికి గుంపులు కనిపిస్తాయి.

మీరు ఫిజిక్స్ చెప్తారు కాబట్టి దూరం కొలిచే పని మీకు అప్పగించడం మేలు. వాలు మీద 30 డిగ్రీల కోణంలో 300 మీటర్లు చూపిస్తే, తూటా పడిపోయే లెక్కకు తీసుకోవలసింది దాదాపు 260 మీటర్లు. ఈ కోణం లెక్కను తనే చేసే రేంజ్‌ఫైండర్లు ఉన్నాయి గానీ, బ్యాటరీ అయిపోయినప్పటి కోసం కోణాల పట్టిక ఒక అట్ట మీద రాసి తమ్ముడికి ఇవ్వండి. గాలి విషయం కూడా మీరే గమనించాలి. పొద్దున చల్లని గాలి లోయలోకి జారుతుంది, ఎండ ఎక్కాక అదే గాలి పైకి తిరుగుతుంది. గొర్రెలు ఎక్కువగా కింది నుంచి వచ్చే ముప్పును కాచుకుని ఉంటాయి, బెదిరితే పైకి, రాళ్లలోకి పోతాయి. కాబట్టి గాలి తిరిగాక పైనుంచి దగ్గరవడం మంచిదని మా అనుభవం.

ఫోన్ సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా సందేశం పంపే శాటిలైట్ మెసెంజర్ తప్పక ఉండాలి, అది తమ్ముడి దగ్గరే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో గుర్తుగా ఇస్తాడేమో, తీసుకోకండి. అనుమతి లేకుండా అటువంటి పరికరంతో భారత విమానాశ్రయంలో దిగితే చిక్కుల్లో పడతారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో కార్చిచ్చుల వల్ల దారులు మూసేయడం అక్కడ మామూలే కాబట్టి రెండో దారి కూడా అనుకుని ఉండండి.

జవాబు 3: చంద్రగిరి

అయ్యా, మీ ఇష్టాన్ని కాదనే హక్కు నాకు లేదు గానీ మనసులో మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఏడుకొండల మెట్ల మీద, గోవింద నామం వినిపించే దారిలో, ఒక జీవాన్ని చంపే ప్రయాణం కోసం బియ్యం మూట మోసుకుని దిగడం నాకు బాధగా ఉంది. అంత అరుదైన జంతువు అని మీరే అంటున్నారు. అరుదైనదాన్ని కాపాడాలి గదా? మెట్ల దారిలో బూట్లతో నడవబోతున్నారా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

జవాబు 4: పశువైద్యుడు (విశ్రాంత), పలమనేరు

చంద్రగిరి సోదరుడి బాధ సహజమైనది. దాన్ని పక్కకు తోసేయకుండా, నాకు తెలిసిన విషయం ఆయనకూ మాస్టారుకూ కలిపి చెబుతాను.

ఆ గొర్రెలు అరుదైపోవడానికి విచ్చలవిడి వేట ఒక కారణం, అది గత శతాబ్దాల మాట. నేటికీ వాటిని ఎక్కువగా చంపుతున్నది మనం పెంచుకునే గొర్రెల ముక్కులో ఉండే ఒక సూక్ష్మజీవి. దాని పేరు మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే. పెంపుడు గొర్రెకూ మేకకూ దానివల్ల పెద్ద నష్టం ఉండదు, కొంచెం దగ్గుతాయి. అడవి గొర్రె ఒక్కసారి వాటితో ముక్కు ముక్కు ఆనించిందంటే ఊపిరితిత్తుల్లోని పొరకు దెబ్బ తగిలి, మిగిలిన క్రిములన్నీ లోపలికి దిగి, న్యుమోనియాతో మందలో చిన్నా పెద్దా తేడా లేకుండా పోతాయి. ఐడహో సరిహద్దులోనే ఉన్న హెల్స్ కాన్యన్‌లో 1995-96 శీతాకాలంలో సుమారు 300 గొర్రెలు ఇలా చనిపోయాయి. అంతటితో ఆగదు. బతికిన తల్లుల్లో కొన్ని ఆ క్రిమిని మోస్తూ ఉండటం వల్ల, ఆ తర్వాత ఏళ్ల తరబడి పుట్టిన పిల్లలు రెండు మూడు నెలల వయస్సులోనే దగ్గి దగ్గి పోతుంటాయి. మా జిల్లాలో మందల వెంట తిరిగి పిల్లల చావులు లెక్కపెట్టినవాణ్ని నేను. కాపరి చేతిలో చచ్చిన పిల్ల ఎంత తేలికగా ఉంటుందో చూసినవాడికి ఆ కొండల మీద ఏం జరుగుతోందో ఊహించడం కష్టం కాదు.

వేట అనుమతి దీనికి మందు కాదు. అయితే ఆ గొర్రెలను లెక్కించేందుకు, జబ్బు మందలను పరీక్షించేందుకు, కొత్త చోట్లకు తరలించేందుకు అయ్యే ఖర్చులో పెద్ద భాగం వేట రుసుముల నుంచి, 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను నుంచి వస్తోంది. ట్యాగులు కొద్ది సంఖ్యలో ఇస్తారు, అవి పొట్టేళ్లకు ఇస్తారు. ఆడ గొర్రెలు, పిల్లలు మందకు మిగులుతాయి. ఇది విన్నాక కూడా మీకు వద్దనిపిస్తే అది గౌరవించదగిన అభిప్రాయమే.

మాస్టారు గారూ, ఇప్పుడు మీకు మూడు విషయాలు. అమ్మకు చెప్పిన "కొండగొర్రె" అనే మాటను మార్చండి. మన వైపు కొండగొర్రె అంటే శేషాచలంలో తిరిగే నాలుగు కొమ్ముల జింక, 1972 వన్యప్రాణి చట్టం దానికి పూర్తి రక్షణ ఇచ్చింది. ఆ మాటతో వేట అని నలుగురిలో అంటే వినేవారు వేరేగా అర్థం చేసుకుంటారు. బిగ్‌హార్న్ పొట్టేలు అనే అనండి. అదే కారణంగా, అభ్యాసం పేరుతో శేషాచలంలో నడకదారి విడిచి అడవిలోకి అడుగు పెట్టవద్దు. అది రక్షిత అడవి. పెద్ద సంచితో వేకువన చెట్ల మధ్య కనిపించిన మనిషిని ఎర్రచందనం గస్తీ సిబ్బంది మొదట ఏమని అనుకుంటారో మీకు తెలుసు.

రెండో విషయం మీ బూట్లు. మన దేశంలో గాలికుంటు వ్యాధి ఉంది, అమెరికాలో లేదు. ఆ క్రిమి బురదలో, పేడలో అంటుకుని ప్రయాణం చేయగలదు. మీరు పల్లెలో గుట్టలెక్కి, గొర్రెల దొడ్డి పక్కనుంచి నడిచి, అవే బూట్లతో విమానం దిగితే అది చిన్న తప్పు కాదు. బయలుదేరే వారం ముందు నుంచి పశువుల దగ్గరకు పోకండి, బూట్ల అడుగున గాళ్లలోని మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తీసి సబ్బు నీళ్లతో కడిగి ఎండబెట్టండి. అక్కడి కస్టమ్స్ వారు పశువుల మధ్య తిరిగారా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దిగాక మొదటి ఐదు రోజులు అక్కడి పశువులకు దూరంగా ఉండండి. కొండ మీద దగ్గుతున్న గొర్రె కనిపించినా, అడవి గొర్రెల మధ్య పెంపుడు గొర్రె కనిపించినా స్థలం గుర్తు పెట్టుకుని వన్యప్రాణి శాఖకు చెప్పండి. వేట కంటే ఆ కబురు వారికి విలువైనది కావచ్చు.

మూడోది కొమ్ము చదవడం. కొమ్ము మీద ఏడాదికొక గీత పడుతుంది. చిన్నప్పుడు కొమ్ము వేగంగా పెరుగుతుంది కాబట్టి కొస వైపు గీతలు ఎడంగా, ముసలితనం వచ్చేకొద్దీ మొదలు దగ్గర ఒత్తుగా ఉంటాయి. ముసలి పొట్టేళ్ల కొమ్ము కొసలు విరిగి, అరిగి మొద్దుబారి కనిపిస్తాయి. దూరం నుంచి ఈ తేడా పట్టగలిగితే, ఇంకా ఎదగవలసిన పొట్టేలును వదిలి వయస్సు మళ్లినదాన్ని ఎంచుకోమని తమ్ముడికి చెప్పగలరు. చంద్రగిరి సోదరుడి బాధకు మీరు ఇవ్వగల జవాబు నాకు తెలిసి అదొక్కటే.

అలిపిరి మాస్టారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చంద్రగిరి అన్నగారికి ముందుగా జవాబు చెప్పాలి. మెట్ల దారిలో నేను ఎప్పటిలాగే వట్టి కాళ్లతోనే నడుస్తాను. బూట్లను అలవాటు చేసుకోవడానికి ఆదివారాలు హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డుకు వెళ్తాను. మిగిలిన మీ బాధను నేను తీర్చలేను. వెళ్లాలనే నిర్ణయించుకున్నాను, మాంసంలో ఒక్క ముక్క కూడా వృథా కానివ్వనని మాత్రం మాట ఇవ్వగలను. అమ్మకు కూడా నిన్న రాత్రి ఉన్న విషయం చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రాగి పిండి, వేరుశనగ ఉండలు ఎన్ని రోజులకు కావాలని అడిగింది.

తుపాకీ, తూటాల విషయం తమ్ముడికి చదివి వినిపించాను. ప్రాక్సీ పత్రం సంగతి తనకు తెలుసు గానీ తూటాల పెట్టె గురించి ఆలోచించలేదన్నాడు. గుండె పరీక్ష వచ్చే సోమవారం ఉంది.

ఈ ఉదయం బరువేమీ లేకుండా మొదటిసారి నడిచి దిగాను. గాలి గోపురం దాటేసరికి ఎడమ తొడ వణికింది. రెండు చోట్ల కూర్చుని, ఎక్కడానికి పట్టే సమయం కంటే పది నిమిషాలు ఎక్కువ తీసుకుని అలిపిరి చేరాను. ఇది రాస్తున్న ఇప్పుడు కూడా కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవలసి వస్తోంది. ఫిజియోథెరపీ మేడమ్ గారూ, రెండో దిగుడుకు ఏడు రోజులు ఆగాలా, నొప్పి తగ్గిన వెంటనే వెళ్లవచ్చా?

ఫిజియోథెరపీ, తిరుపతి

ఏడు రోజులు ఆగండి. ఈ మధ్యలో చదునైన చోట నడవండి, ఇసుకలో నడక ఎల్లుండి నుంచి మొదలుపెట్టండి. వచ్చే వారం కూడా బరువు లేకుండానే దిగి, ఎక్కడ వణికిందో, ఎన్నిసార్లు కూర్చున్నారో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి బియ్యం సంచి ఎప్పుడు ఎత్తాలో చెబుతాను.